ఉప్పుగూడ ఆర్మేనియన్ సమాధుల తోట: సంఘంతో వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

జార్జియాలో, ఆర్మేనియాలో ఎంబీబీఎస్ చదువుతున్న తెలుగు పిల్లలు ఈ మధ్య మన సంఘాల్లో చాలామందే కనిపిస్తున్నారు. వారిని చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులు ఒక రోజు ఖాళీ చేసుకొని గైడు వెంట సరిహద్దు దాటి ఆర్మేనియాలోని పాత మఠాలు చూసి వస్తున్నారు. పరిశుద్ధ దేశ యాత్రలు నడిపే ఏజెంట్లు కూడా అరారాతు కొండ పేరు చెప్పి అటువైపు ప్యాకేజీలు పెడుతున్నారు. వెళ్లి వచ్చినవారు ఫోన్లలో నల్లరాతి గుడుల ఫొటోలు చూపిస్తూ అడిగే ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, ఈ ఆర్మేనియన్లు ఎవరు? మనలాంటి క్రైస్తవులేనా?"

ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి విమానం ఎక్కనక్కరలేదు. చార్మినార్ నుంచి శాలిబండ, లాల్ దర్వాజా మీదుగా దక్షిణానికి కొద్ది కిలోమీటర్లు వెళ్తే ఉప్పుగూడ వస్తుంది. అక్కడ ఇళ్ల మధ్య ఒక పాత సమాధుల తోట ఉంది. అందులో సుమారు ఇరవై ఆర్మేనియన్ సమాధులు నమోదయ్యాయి. అవి 17వ శతాబ్దం నడిమి భాగం నుంచి 1724 వరకు కట్టినవి. పాదిరుల సమాధులు కూడా వాటిలో ఉన్నాయి. పక్కనే డచ్చివారివి కొన్ని ఉన్నాయి. మన పాతబస్తీలో, కుతుబ్‌షాహీల కాలంలో, క్రీస్తు నామమున మరణించినవారు నిద్రిస్తున్న స్థలం అది. హైదరాబాదులో పుట్టి పెరిగిన క్రైస్తవుల్లో దాన్ని చూసినవారు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని మా అనుమానం.

కాలం లెక్క ఒక్కసారి మనసులో పెట్టుకోండి. తెలుగులో మొట్టమొదట అచ్చయిన సువార్తలు విశాఖపట్నంలో లండన్ మిషనరీ డెగ్రాంజెస్, ఆయన సహాయకుడు ఆనందరాయరు అనువదించినవి. అవి శ్రీరాంపూరులో 1812లో అచ్చయ్యాయి. ఉప్పుగూడలో తొలి ఆర్మేనియన్ సమాధులు అంతకు నూట యాభై ఏళ్లకు పైగా పాతవి. "క్రైస్తవ్యం తెల్లదొరలతో వచ్చింది" అనే మాట మనం బయటివారి నోట వింటాం, కొన్నిసార్లు మనమే అంటాం కూడా. తోమా పేరు చెప్పుకునే కేరళ సంఘాల సంగతి అలా ఉంచండి. మన హైదరాబాదు నేలలో ఉన్న ఈ రాళ్లే ఆ మాటకు అడ్డం నిలుస్తాయి. ఇక్కడ పడుకున్నవారు ఆసియావారు. వారిని ఏ యూరపు రాజూ పంపలేదు. వారు వ్యాపారం కోసం వచ్చారు, తమ పాదిరిని వెంట తెచ్చుకున్నారు.

ఎక్కడినుంచి వచ్చారు

వీరి కథ అరాస్ నది ఒడ్డున జుల్ఫా అనే పట్టణంలో మొదలవుతుంది. ఇప్పుడు ఆ ప్రాంతం అజర్‌బైజాన్‌కు చెందిన నఖ్చివాన్‌లో ఉంది. పట్టు వ్యాపారంలో పేరుపొందిన ఆర్మేనియన్ల ఊరు అది. తురుష్కులతో యుద్ధంలో ఉన్న పారసీక చక్రవర్తి షా అబ్బాస్ 1604-05లో ఆ ప్రజలందరినీ ఊరు ఖాళీ చేయించి తన రాజధాని ఇస్ఫహాన్‌కు తరలించాడు. వెనక్కి తిరిగిపోకుండా ఊరిని నాశనం చేయించాడు. నది దాటుతూ, దారిలో చలికి, ఆకలికి ఎంతోమంది చనిపోయారు. బబులోను చెరను చదివిన మనకు ఈ కథ కొత్తగా అనిపించదు. బతికి చేరినవారికి ఇస్ఫహాన్ దగ్గర స్థలమిచ్చారు. వారు దానికి న్యూ జుల్ఫా అని, అంటే కొత్త జుల్ఫా అని పేరు పెట్టుకున్నారు.

చెరపట్టి తెచ్చిన ప్రజలే ఒక తరం గడిచేసరికి ఆసియాలో పేరుగాంచిన వర్తకులయ్యారు. పట్టు అమ్మారు, వజ్రాలు కొన్నారు. పడమట వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్ వరకు, తూర్పున మనీలా వరకు వారి మనుషులు తిరిగారు. అదే సమయంలో గుడులు కట్టుకున్నారు. 1638లో కొత్త జుల్ఫా మఠంలో ఖచతూర్ కెసరాత్సి అనే మఠాధిపతి అచ్చుయంత్రం నెలకొల్పి ఒక పుస్తకం ముద్రించాడు. ఇరాన్ దేశంలో అచ్చయిన తొలి పుస్తకంగా దాన్నే చెబుతారు. అది ఏ పుస్తకం? కీర్తనల గ్రంథం. ఊరు పోగొట్టుకున్నవారు ముందుగా అచ్చు వేసుకున్నది దావీదు కీర్తనలు.

కొత్త జుల్ఫా నుంచి గోల్కొండకు దారి వేసినవి మన వజ్రాలు, మన అద్దకపు బట్టలు. కృష్ణా తీరంలో కొల్లూరు గనుల వజ్రాలు అప్పట్లో ప్రపంచానికంతటికీ తెలుసు. బందరు రేవు నుంచి కలంకారీ బట్టలు పారసీక దేశానికి ఓడలకెత్తేవారు. 1591లో కట్టిన హైదరాబాదు అప్పటికి ఇంకా కొత్త నగరమే. దర్బారులో పారసీ భాష నడిచేది, రాజులు షియా ముస్లింలు. పారసీ మాట్లాడగలిగిన ఆర్మేనియన్ వర్తకుడికి ఇక్కడ దుబాసీ అవసరం ఉండేది కాదు. ఫ్రెంచివారికి మాత్రం ఉండేది. వారు బందరులో కోఠీ పెట్టుకోవడానికి గోల్కొండ సుల్తాను నుంచి ఫర్మానా సంపాదించి పెట్టినవాడు ఒక ఆర్మేనియన్. కొత్త జుల్ఫాకు చెందిన మర్కరా అవాంచింత్స్. అది 1669. తర్వాత కంపెనీ పెద్ద కారోన్‌తో చెడి, బంధించబడి, ఫ్రాన్సుకు తరలించబడి, అక్కడ న్యాయం కోసం వ్యాజ్యం నడిపాడు. యోసేపు చెరసాల కథ మీద ప్రసంగించే బోధకులకు ఈయన జీవితం మంచి ఉదాహరణ.

వీరు ఎంత దూరం తిరిగేవారో తెలియాలంటే హొవ్హానెస్ అనే వర్తకుని ఖాతా పుస్తకం చూడాలి. జుల్ఫాకు చెందిన ఒక పాదిరి కుటుంబపు బిడ్డ ఆయన. 1682 నుంచి 1693 వరకు సూరత్, ఆగ్రా మీదుగా టిబెట్‌లోని ల్హాసా దాకా వెళ్లి, అక్కడ కొన్నేళ్లు ఉండి, ప్రతి కొనుగోలూ రాసిపెట్టుకున్నాడు. ఆ ఖాతా పుస్తకం ఇప్పటికీ ఉంది.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక హైదరాబాదు వ్యాపారం దెబ్బతిన్నది. బందరు క్షీణించింది, మద్రాసు పెరిగింది. ఆర్మేనియన్లు ఆ వెంటే మద్రాసుకు, కలకత్తాకు జరిగారు. ఉప్పుగూడలో చివరి సమాధులు 18వ శతాబ్దం తొలినాళ్లవి కావడానికి అదే కారణమని మేము అనుకుంటున్నాం. ఇక్కడ వారి గుడి ఏదీ మిగలలేదు, కుటుంబాలూ మిగలలేదు. ఉన్నవి ఈ రాళ్లే.

సమాధి స్థలం అంటే

ఆదికాండము 23వ అధ్యాయాన్ని మనం చాలావరకు దాటేస్తాం. అందులో అద్భుతాలు లేవు, వాగ్దానాలు లేవు; ఒక బేరం ఉంది. శారా చనిపోయింది. దేవుడు దేశమంతా ఇస్తానన్న అబ్రాహాముకు ఆమెను పాతిపెట్టడానికి జానెడు నేల లేదు. తాను పరదేశినని చెప్పుకొని, హేతు కుమారుల ఎదుట వంగి నమస్కరించి, ఎఫ్రోను అడిగిన నాలుగువందల తులముల వెండీ తూచి ఇచ్చి మక్పేలా పొలం కొన్నాడు. వాగ్దాన దేశంలో అబ్రాహాముకు సొంతమైన మొదటి నేల ఒక సమాధి స్థలం.

ఈ అధ్యాయం తెరిచి పెట్టుకొని ఉప్పుగూడ రాళ్ల మధ్య నిలబడి చూడండి. ఒక పరదేశి తన మృతుణ్ణి పరాయి నేలలో పాతిపెట్టాడంటే అతడు ఆ నేలతో ఒక బంధం పెట్టుకున్నాడు. వ్యాపారి సరుకు తీసుకొని వెళ్లిపోగలడు, సమాధిని తీసుకొని వెళ్లలేడు. అలాగే పాదిరి సమాధి ఉందంటే అక్కడ ఒక సంఘం ఉండేదన్నమాట. కొత్త జుల్ఫా మఠం భారతదేశంలోని తన ప్రజల కోసం పాదిరులను పంపుతూ ఉండేది. బాప్తిస్మం ఇవ్వడానికి, పెళ్లి చేయడానికి, రొట్టె విరవడానికి, చివరికి పాతిపెట్టడానికి అంత దూరం ఒక కాపరిని పంపేవారు. ముస్లిం రాజుల నగరంలో ఒక ఆర్మేనియన్ పాదిరి తన భాషలో ఆరాధన జరిపి, ఇక్కడే చనిపోయి, ఇక్కడే పాతిపెట్టబడ్డాడు. సువార్త చరిత్రలో పెద్దగా పేర్లకెక్కని కాపరులు వీరు.

హైదరాబాదులో ఈరోజు సమాధి స్థలం దొరకడం ఎంత కష్టమో మన సంఘాల పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. పాత తోటలు నిండిపోయాయి. ఒకే కుటుంబం ఒకే గుంటను మళ్లీ తెరవవలసి వస్తోంది. మూడు శతాబ్దాలుగా ఎవరూ అడిగేవారు లేని ఒక క్రైస్తవ సమాధుల తోట ఇంకా మిగిలి ఉండడమే ఆశ్చర్యం. పురావస్తు శాఖ దాన్ని రక్షిత స్థలంగా గుర్తించడం వల్ల, చుట్టుపక్కల ఇతర మతస్థులైన పొరుగువారు దాన్ని సమాధి స్థలంగానే చూస్తుండడం వల్ల అది మిగిలింది. నగరం నలువైపులా దగ్గరకు వచ్చేసింది. ఇంకెంతకాలం ఉంటుందన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న ఊరికే వేసింది కాదు. ఈ వర్తకుల తాతలు విడిచి వచ్చిన పాత జుల్ఫాలో, అరాస్ ఒడ్డున, వేలాది చెక్కుడు శిలువ రాళ్లున్న పెద్ద సమాధుల తోట ఉండేది. 1998 నుంచి 2005 వరకు దశలవారీగా వాటిని పగలగొట్టారు. 2005 డిసెంబరులో సైనికులు రాళ్లు పగలగొట్టడాన్ని నదికి అవతల ఇరాన్ వైపు నుంచి చిత్రీకరించారు. అజర్‌బైజాన్ ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. ఏమైనా ఆ తోట ఇప్పుడు లేదు. తాతల సమాధులు పోయాయి. గోల్కొండకు వచ్చిన మనుమల సమాధులు మన దగ్గర ఉన్నాయి. ఈ వాక్యం రాస్తున్నప్పుడు మాకు కలిగిన భారం పాఠకులకు కూడా కలగాలని మా ఆశ.

రాయి మీది అక్షరాలు

ఆర్మేనియన్ లిపిని క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి రూపొందించాడు. మొదట 36 అక్షరాలు. ఉద్దేశం ఒకటే, తన ప్రజలకు వారి భాషలో బైబిలు ఇవ్వడం. వారు మొదట తర్జుమా చేసిన వాక్యం సామెతలు గ్రంథం మొదటి అధ్యాయంలో జ్ఞానాన్ని గురించిన రెండో వచనమని వారి సంప్రదాయం చెబుతుంది. బైబిలు కోసం పుట్టిన అక్షరాలు కాబట్టి ఆర్మేనియన్లు వాటిని ప్రాణంగా చూసుకుంటారు. ఏ దేశం వెళ్లినా సమాధి రాతి మీద ఆ లిపిలోనే చెక్కించుకున్నారు.

చదవడం రాకపోయినా సంవత్సరం లెక్క పట్టుకోవచ్చు. యువకులకు ఇది మంచి సరదా కూడా. ఆర్మేనియన్లు అంకెలకు బదులు అక్షరాలే వాడేవారు. వారి అక్షరమాలలో గట్టిగా పలికే 'ర' విలువ వెయ్యి, 'చ' లాంటి ధ్వని ఉన్న అక్షరం విలువ నూరు. వారి శకం క్రీ.శ. 552లో మొదలవుతుంది కాబట్టి, రాతి మీది సంఖ్యకు 551 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 'ర' పక్కన 'చ' ఉంటే 1100. దానికి 551 కలిపితే 1651. వారి ఏడాదికి సరిగ్గా 365 రోజులే కాబట్టి లెక్క ఒక్కోసారి ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. జుల్ఫా వర్తకులు కాగితాల మీద మరో చిన్న శకం కూడా వాడేవారు, దానికి 1615 కలపాలి. అది ఖాతా పుస్తకాలు చదివేవారి పని, మనకు అవసరం రాదు.

మరో మాట. భారతదేశంలోని ఆర్మేనియన్ సమాధి రాళ్ల మీద తరచుగా కనిపించే మొదటి పదాలు "అయ్స్ ఎ తపాన్". అంటే "ఇది ఫలానావారి సమాధి". ఆ 'తపాన్' అన్న పదానికి ఆర్మేనియన్ భాషలో రెండు అర్థాలున్నాయి. ఒకటి సమాధి. రెండోది ఓడ, నోవహు ఓడ. అరారాతు కొండల మీద ఓడ నిలిచిందని ఆదికాండము 8వ అధ్యాయంలో చదువుతాం. ఆ కొండ తమదేనని చెప్పుకునే ప్రజలు తమ సమాధిని ఓడ అనే పేరుతో పిలుస్తారు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో మాట్లాడబోయే బోధకులు ఈ పదాన్ని రాసి పెట్టుకోవచ్చు.

ఈ రాళ్ల సంగతి బయటి ప్రపంచానికి తెలిపినవారిలో ముఖ్యుడు మెస్రోవ్బ్ జేకబ్ సేత్. కొత్త జుల్ఫాలో పుట్టి కలకత్తాలో స్థిరపడిన పండితుడు. 1937లో వచ్చిన ఆయన పెద్ద గ్రంథం 'ఆర్మేనియన్స్ ఇన్ ఇండియా' భారతదేశమంతటా ఉన్న తన ప్రజల జాడలను ఒకచోట చేర్చింది. తన జాతివారి పేర్లు రాళ్ల మీద చెరిగిపోకముందే కాగితం మీదికి ఎక్కించాలన్నదే ఆయన తపన. ఇలాంటి పని మన తెలుగు సంఘాల్లో ఎవరు చేస్తున్నారు? మన తొలి విశ్వాసుల సమాధుల మీది పేర్లు, తేదీలు ఏ సంఘం పుస్తకంలో ఉన్నాయి? కాపరులు తమ సంఘం రిజిస్టరు ఒకసారి తీసి చూసుకోవాలని మా మనవి.

సరిహద్దు దాటి వెళ్లేవారికి

ఉప్పుగూడ చూశాక ఆర్మేనియా వెళ్లగలిగినవారు తప్పక వెళ్లండి. పరదేశంలో వారి సమాధులు చూసినవారికి, స్వదేశంలో వారి గుడులు వేరుగా కనిపిస్తాయి.

జార్జియా రాజధాని త్బిలిసీ నుంచి పొద్దున్నే బయలుదేరే వ్యాన్లు సదఖ్లో దగ్గర సరిహద్దు దాటి, అవతల బగ్రతాషెన్‌లో ఆర్మేనియాలోకి ప్రవేశించి, దెబెద్ నది లోయ వెంట సాగుతాయి. అఖ్తాలా, హఘ్పాత్, సనాహిన్ మఠాలు చూపించి రాత్రికి తిరిగి త్బిలిసీ చేరుస్తాయి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఒక్కటి మరవకూడదు. సాయంత్రం మళ్లీ జార్జియాలోకి రావాలి కాబట్టి రెండోసారి ప్రవేశించడానికి పనికొచ్చే వీసా ఉందో లేదో ఇక్కడే చూసుకోవాలి. నిబంధనలు తరచుగా మారుతుంటాయి, ఏజెంటు మాట మీదే ఆధారపడకండి. తుర్కియే వైపు సరిహద్దు 1993 నుంచి మూసి ఉంది. అరారాతు కొండ ఆ వైపే ఉంది. ఆర్మేనియన్లు రోజూ దాన్ని కళ్లతో చూస్తారు గాని నేరుగా అక్కడికి వెళ్లలేరు.

హఘ్పాత్ 976 ప్రాంతంలో మొదలైంది, సనాహిన్ ఇంకొంచెం పాతది. హఘ్పాత్‌ను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2000లో సనాహిన్‌ను కూడా దానికి కలిపింది. వీటిని చూసి చాలామంది తెలుగువారు నిరాశపడతారని విన్నాం. లోపల బంగారం లేదు, బొమ్మలు తక్కువ, చీకటి, చల్లటి రాయి. అసలు చూడవలసినవి రెండు. ఒకటి పుస్తకశాల. ఈ మఠాలు ఆరాధనా స్థలాలే గాక బడులు కూడా. సన్యాసులు ఏళ్లతరబడి కూర్చొని గ్రంథాలు నకలు రాసేవారు. దండయాత్రలు వచ్చినప్పుడు గ్రంథాలే ముందుగా దాచేవారు. రెండోది నేల. గుడి ముందున్న విశాలమైన మండపాన్ని వారు గవిత్ అంటారు. అందులో నేలంతా సమాధి రాళ్లే పరిచి ఉంటాయి. వచ్చేపోయేవారు వాటి మీద నడుస్తారు. మన పద్ధతిలో సమాధి తొక్కడం అపచారం, కాబట్టి మనవారు పక్కకు తప్పుకుంటారు. అక్కడివారికి అది వినయం. దేవుని ఇంటికి వచ్చేవారి పాదాల కింద ఉండాలని పెద్దలు కోరుకున్నారని చెబుతారు. అంత దూరం వెళ్లలేనివారు చెన్నై జార్జిటౌన్‌లోని ఆర్మేనియన్ వీధికి వెళ్లండి. 1712లో కట్టి 1772లో మళ్లీ నిర్మించిన సెయింట్ మేరీ గుడి ఆవరణలోనూ సమాధి రాళ్లు అలాగే నేలలో పరిచి ఉన్నాయి. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్'ను 1794లో మద్రాసులో నడిపిన పాదిరి హరుత్యున్ ష్మవోన్యాన్ సమాధి అక్కడే ఉంది. వారపత్రిక నడిపే మాకు ఆయనంటే కొంచెం ప్రత్యేకమైన అభిమానం, దాచుకోవడమెందుకు.

శిలువ రాళ్ల గురించి ఒక మాట. వీటిని ఖాచ్‌కార్ అంటారు. నిలువు బండ మీద శిలువ చెక్కి, చుట్టూ అల్లిక పని చేస్తారు. శిలువ అడుగున చిగురు, ఆకులు మొలుస్తుంటాయి. శిలువను చావు కొయ్యగా గాక జీవవృక్షంగా చూపడం వారి పద్ధతి. హఘ్పాత్‌లో 1273 నాటి ఒక రాతి మీద మాత్రం క్రీస్తు శరీరమే చెక్కి ఉంది, అది చాలా అరుదు. కొన్ని మఠాల దగ్గర కోడినో గొర్రెనో ఆశీర్వదింపజేసి, కోసి, పేదలకు పంచే 'మతాఘ్' అనే ఆచారం కనిపిస్తుంది. చూసి కంగారుపడకండి, గైడును అడిగి తెలుసుకోండి.

మొదటి ప్రశ్నకు వద్దాం. వారు మనలాంటి క్రైస్తవులేనా? క్రీ.శ. 301లో, పదమూడేళ్లు గోతిలో బందీగా ఉన్న గ్రెగరీ బోధతో రాజు తిరిదాతు మారుమనస్సు పొందాడని, అలా క్రైస్తవ్యాన్ని రాజ్యమతంగా స్వీకరించిన మొదటి దేశం తమదని వారు చెప్పుకుంటారు. 451 కల్కెదోను మహాసభ నిర్ణయాన్ని వారి సంఘం అంగీకరించలేదు. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సహోదరులు కూడా ఆ విషయంలో వారితోనే ఉన్నారు. ధూపం, కొవ్వొత్తులు, మృతుల కోసం ప్రార్థన మన బాప్తిస్టు, లూథరన్, పెంతెకొస్తు సంఘాలకు అలవాటు లేనివి, అంగీకారం లేనివి కూడా. ఆ తేడాలు చిన్నవని మేము చెప్పం. కానీ త్రిత్వ దేవుణ్ణి ఆరాధించి, యేసును ప్రభువని ఒప్పుకొని, ఆ ఒప్పుకోలు కోసం పదిహేడు వందల ఏళ్లుగా ఊళ్లూ ప్రాణాలూ పోగొట్టుకున్నవారిని, 1915లో లక్షలాదిగా చంపబడినవారిని, క్రైస్తవులా కాదా అని మనం ప్రశ్నించడం తగదు.

ఉప్పుగూడకు సంఘంతో వెళ్తే

ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు ఉప్పుగూడలో ఆగుతుంది. ముందుగా రాష్ట్ర పురావస్తు శాఖ కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోండి. తాళం ఎవరి దగ్గర ఉంటుందో అక్కడే తెలుస్తుంది. ఇరవై మందికి మించకుండా వెళ్లడం మంచిది. మైకు వద్దు, కరపత్రాలు వద్దు. చుట్టూ ఇళ్లున్నాయి, మన పొరుగువారే ఇన్నాళ్లూ ఆ స్థలాన్ని ఉండనిచ్చారు. వారికి ముందు నమస్కారం చెప్పి, ఎందుకు వచ్చామో చెప్పండి. పెద్దవాళ్లు ఉంటే వారి చిన్నతనంలో ఈ తోట ఎలా ఉండేదో అడగండి, మనకు పుస్తకాల్లో దొరకని సంగతులు వారి దగ్గర ఉంటాయి.

ప్రార్థన చేయవచ్చా అని కొందరు అడుగుతారు. చేయండి. మృతులకు ప్రార్థించడం, మృతుల కోసం ప్రార్థించడం మనకు లేదు. ఈ విశ్వాసులను బట్టి దేవునికి కృతజ్ఞతలు చెల్లించడానికి ఏ అడ్డూ లేదు. ఆదికాండము 23, హెబ్రీయులకు 11 చదివితే చాలు, అరగంట ప్రసంగం అక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, రాళ్లను ముట్టకండి. సమాధుల పండుగకు మన ఊళ్లలో సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మన సమాధులకు అది ప్రేమ. ఈ రాళ్ల మీద సున్నం పడితే అక్షరాల గాడులు పూడిపోతాయి. మైనం కారితే రాయి లోపలికి ఇంకుతుంది. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో గాని, బొగ్గుతో గాని రుద్దకూడదు, ఇనుప బ్రష్షు అసలే తేవద్దు. ఆదివారపు బడి పిల్లలను రాళ్ల మీద ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి.

ఫొటోలు మాత్రం తీయండి, ప్రతి రాయికీ విడివిడిగా, తేదీ వేసి. సంఘంలో ఒకరి దగ్గర అవన్నీ భద్రం చేసి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ తీసి పోల్చి చూస్తే ఏ రాయి ఎంత అరిగిందో తెలుస్తుంది. వానాకాలంలో గడ్డి పెరిగి రాళ్లు కనబడవు, జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చెక్కిన అక్షరాలు కనిపించవు. ఉదయం ఎనిమిది లోపు గాని, సాయంత్రం పొద్దు వాలాక గాని ఎండ పక్కనుంచి పడేటప్పుడు వెళ్లండి. అప్పుడు గాడుల్లో నీడ నిలిచి అక్షరాలు లేచి కనిపిస్తాయి. ఎండ లేని చోట ఉన్న రాతికి ఒకరు చిన్న అద్దం పట్టుకొని పక్కనుంచి వెలుతురు మళ్లిస్తే, మరొకరు ఫొటో తీయవచ్చు.